మన ఊరి పేరంటాలమ్మ కథతో షార్ట్ ఫిల్మ్ తీసి పోటీకి పంపాలంటే

పేరంటాలమ్మంటే ప్రాణం పోయాక ఊరు కొలుచుకునే ఆడమనిషి కదా, ముందే చెప్తున్నానండి, ఆవిడ కథ మొత్తం తీయాలని చూడకండి, చాలామంది అక్కడే మునిగిపోతారు. పుట్టుక, పెళ్ళి, వరద, గుడి, జాతర అన్నీ పెడితే అది సినిమా అవ్వదు, స్థలపురాణం అవుద్ది.

నేనేం చేశానంటే ఏటి మధ్య ఉన్న మా లంకలో ముగ్గురు మామ్మల దగ్గర విడివిడిగా కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకున్నా. ఏటిగట్టుకి గండి పడితే కొత్తకోడలు దిగి అడ్డం నిలబడిందనేది కథ, అనంతపురం వైపు బుక్కరాయసముద్రం ముసలమ్మ కథలాంటిదే. గాజులు తీసి గట్టు మీద పెట్టి దిగిందని ఒకామె, లేదు గాజులతోనే దిగిందని ఇంకొకామె. మూడో ఆవిడ గొంతు తగ్గించి "తనే దిగిందని ఎవడు చూశాడ్రా" అంది. ఆయ్, అదే సినిమా. ఎక్కడ మామ్మల మాట తేడా వస్తదో అక్కడ కెమెరా పెట్టండి.

హక్కుల గొడవ: జనం నోట్లో ఉన్న కథ ఎవరిదీ కాదు, కానీ ఒకరు రాసిన పుస్తకం తీసుకుంటే రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా పర్మిషన్ కావాలి. ఆ ముసలమ్మ కథనే "ముసలమ్మ మరణము" అని కావ్యంగా రాసిన కట్టమంచి రామలింగారెడ్డి గారు 1951లో పోయారు కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

షూటింగు వరదల టైంలో వద్దు, లంకల్లో నీళ్ళొచ్చేస్తాయి, నిజం వరదలో ఆర్టిస్టుని దింపడం అస్సలు వద్దు. ఎండాకాలం మోకాలి లోతు పాయలో క్లోజ్‌లో తీసి మిగతాది హోరు సౌండుతో లాగించేయొచ్చు. పొద్దున్నే ఎండెక్కకముందు తీయండి, తర్వాత నీటి మీద మెరుపు కొట్టి మొహాలు నల్లగా పడతాయి. రేవు దగ్గర జనాన్ని ఏరు దాటించే పంటు ఇంజను చప్పుడుకి మాకు ఒక పూట డైలాగులన్నీ పోయాయి, కాబట్టి పంటు టైములు కనుక్కుని వెళ్ళండి.

నిడివి ఆస్కార్ వాళ్ళకి టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపు, కానీ నా లెక్కలో 15 దాటితే మన కథ సాగుద్ది. యూట్యూబ్‌లో ముందే పెట్టేయకండి, కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. సబ్‌టైటిల్స్‌లో పేరంటాలు అన్న మాట అలాగే ఉంచండి, దేవత అని మార్చేస్తే కథే పోద్ది.

పంపేముందు ఆ మామ్మలకి చూపించండి. మా మూడో మామ్మ గాజుల షాట్ దగ్గర ఆపమని, "ఆ రోజుల్లో మట్టిగాజులు కదరా, ఈ ఇనప గాజులేంటి" అంది, మర్నాడు మళ్ళీ పడవెక్కాం.