అప్‌డేట్ తర్వాత మొరాయించిన అమ్మ ట్యాబ్

అమ్మ ట్యాబ్ కొని ఆరేళ్లయింది. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ. అప్‌డేట్ వేసిన మర్నాటి నుంచి నత్తనడక. పాట వెతుకుదామని అమ్మ ఒక అక్షరం నొక్కితే ఎంతకీ పడదు, మళ్లీ నొక్కేది. కాసేపటికి నాలుగు ‘శ’లు ఒక్కసారిగా వచ్చిపడేవి. "నాకే చేతకావడం లేదేమోరా" అంటుంటే మనసు చివుక్కుమంది.

అప్‌డేట్ అయ్యాక కొంతసేపు లోపల యాప్‌లను సర్దుకునే పని నడుస్తుందని, ఓ రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేశాను. కాస్త నయమే, చాలలేదు. స్టోరేజీ చూస్తే 700 ఎంబీ కూడా ఖాళీ లేదు. అసలు చిక్కు అక్కడే. ట్యాబ్‌లో అన్నీ దాచే ఫ్లాష్ మెమరీ అనే చిప్‌లో పాతది చెరిపితేగానీ అదే చోట కొత్తది రాయడం కుదరదు; జాగా లేకపోతే ప్రతి చిన్న పనికీ లోపల సర్దుళ్లే. గ్రూపుల్లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలే 9 జీబీ! ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అమ్మను అడిగి మిగతావి తీసేశాను. అక్షరం వెంటనే పడసాగింది.

తర్వాత సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, మామూలుగా కనిపించని డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, తెర మారేటప్పటి కదలికలు ఎంతసేపు సాగాలో చెప్పే మూడు యానిమేషన్ స్కేళ్లనూ 0.5కి తగ్గించాను. దాంతో ప్రాసెసర్ వేగమేం పెరగదు గానీ తెర చటుక్కున మారుతుంది. అన్నీ చెరిపి ట్యాబ్‌ను కొత్తదానిలా చేసే ఫ్యాక్టరీ రీసెట్ దాకా పోనక్కర్లేకపోయింది. నిన్న మనవరాలికి అమ్మే వీడియో కాల్ చేసింది.