ఎండాకాలంలో వెండి పని మొదలుపెడుతున్నారా? మంట వెలిగించే ముందు జాగ్రత్తలు

పూసలు గుచ్చినంతకాలం, తీగ మెలిపెట్టి జుంకీలు కట్టినంతకాలం పెద్ద ప్రమాదమేమీ లేదు. మహా అయితే తీగ కొస వేలికి గుచ్చుకుంటుంది. టంకం వేయడానికి, అంటే వేరే లోహాన్ని కరిగించి వెండి ముక్కలను అతకడానికి, మంట వెలిగించిన రోజు నుంచే లెక్క మారుతుంది. మంటంటే భయం కాబట్టి దాని దగ్గర అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉంటారు. దెబ్బ తీసేవి వేరే. టంకంలోంచి లేచే పొగ, బోలు గుండులో చిక్కుకున్న నీటి చుక్క, ఎరుపు ఆరిపోయి చల్లారినట్టు కనిపించే వెండి ముక్క, ఇవీ అసలు భయపడాల్సినవి. సెలవులు కదా అని ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంట్లో బల్ల వేసుకునేవాళ్ళకు వీటికి తోడు ఎండ కూడా ఉంటుంది.

ఫ్యాను, కిటికీ, వెలుతురు

ఫ్యాను కింద టంకం కుదరదు. మంట పక్కకు వంగిపోతుంది, వేడి ముక్క మీద నిలవదు. అందుకని కొత్తవాళ్ళు ఫ్యానుతో పాటు కిటికీ కూడా మూసేస్తారు. ఇదే పెద్ద తప్పు. బల్లను కిటికీకి ఆనించి వేసుకుని, కిటికీలో గాలిని బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించండి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చి, మంట మీదుగా బయటికి పోవాలి. అగరొత్తి వెలిగించి టంకం వేసే చోట పట్టుకుంటే తెలిసిపోతుంది. పొగ మీ ముఖం వైపు వస్తుంటే ఏర్పాటు సరిగా లేనట్టే.

పనివేళ కూడా ముఖ్యమే. ఉక్కపోత సంగతి అలా ఉంచితే, మిట్టమధ్యాహ్నం వెలుతురులో వెండి రంగు కనిపించదు. 925 వెండిని (వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి) మెత్తబరచడానికి 600 నుంచి 650 డిగ్రీల దాకా కాచాలి. ఆ వేడికి వచ్చే మసక ఎరుపు నీడపట్టున తెలుస్తుందిగానీ ఎండ పడే గదిలో తెలియదు. ఇంకా కాగలేదనుకుని మంట ఆపకుండా పెడితే ముక్క ఒక్కసారిగా మెరిసి, ముడుచుకుని గుండులా అయిపోతుంది. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి లోపు, నీడ గదిలో పని పెట్టుకోండి. రంగు మీద నమ్మకం కుదిరేదాకా ఒక కిటుకు ఉంది. ముక్క మీద పర్మనెంట్ మార్కరుతో గీత గీసి, నెమ్మదిగా కాచండి. గీత మాయమయ్యే సమయానికి వెండి మెత్తబడే వేడికి దగ్గరగా వచ్చినట్టు.

నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు. నిప్పు తగిలితే అవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. నూలు బట్టలు, కాళ్ళకు మూసి ఉన్న చెప్పులు వేసుకోవాలి. చున్నీ తీసి పక్కన పెట్టాలి, జుట్టు ముడి వేసుకోవాలి. కొండకు వెళ్ళి గుండు చేయించుకొచ్చినవాళ్ళకు ఈ చివరి బాధ లేదు. కళ్ళద్దాలు మాత్రం ఎవరికైనా తప్పనిసరి.

గ్యాసు

గ్రాము బరువుండే వెండి ఉంగరానికి చేతిలో పట్టే బ్యూటేన్ టార్చ్ చాలు. వంటింటి సిలిండర్‌కు గొట్టం తగిలించి టార్చ్ నడపొద్దు. టార్చ్‌లో గ్యాసు ఆరుబయట నింపి, చిమ్మిన గ్యాసు చెదిరిపోయేలా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు వెలిగించండి. బ్యూటేన్ గాలి కంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. కింద దీపం వెలుగుతున్న పూజగది పక్కన నింపే పని అసలే వద్దు. డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనీయొద్దని రాసి ఉంటుంది. మే నెలలో మిద్దె మీది రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన కారులోనో ఆ హద్దు దాటడం ఎంతో సేపు పట్టదు. ఇంటి గ్యాసు లీకైతే 1906కు ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

టంకం వేసే ముక్క కింద పాత ఆస్‌బెస్టాస్ రేకు పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. దాని నార ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. కొలిమి ఇటుకో, బొగ్గు దిమ్మో వాడండి. అవి ఎండినవై ఉండాలి. తడి ఇటుక కాగితే చిట్లుతుంది. బొగ్గు దిమ్మ పని అయ్యాక కూడా లోపల రాజుకుంటూనే ఉంటుంది కాబట్టి నీళ్ళలో ముంచి, మర్నాడు ఎండలో ఆరబెట్టుకోవాలి.

టంకం ఎక్కడ కొన్నా అడగాల్సిన మాట

అంగడిలో టంకం రేకు అడిగితే కాడ్మియం లేనిదే కావాలని చెప్పండి. ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్న కేడీఎం నగల్లో ఉన్నది ఈ కాడ్మియమే. తక్కువ వేడికే చక్కగా పారుతుందని పనివాళ్ళు దాన్ని ఇష్టపడేవాళ్ళు. చిక్కేమిటంటే కాడ్మియం 321 డిగ్రీలకే కరిగి, 767 డిగ్రీలకు మరిగిపోతుంది. టంకం వేసే వేడి సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మరిగిన కాడ్మియం పొగై ముక్కులోకి పోతుంది. ఆ పొగకు ఘాటు ఉండదు కాబట్టి పీల్చుతున్నట్టు కూడా తెలియదు. పాత నగల తుక్కును కరిగించేటప్పుడూ ఇదే ప్రమాదం, ఆ అతుకుల్లో ఏముందో పైకి కనిపించదు. నేర్చుకునేవాళ్ళు పాత తుక్కు జోలికి పోకుండా కొత్త తీగ, కొత్త రేకు కొనుక్కోవడమే మేలు.

రేడియోలు రిపేరు చేసే సీసపు టంకం తీగ వెండి బల్ల మీద ఉండనే కూడదు. సీసం అంటిన వెండిని మళ్ళీ కాస్తే అంటినచోటల్లా గుంటలు పడి, చెద తిన్నట్టు అవుతుంది. అలాంటి ముక్కను బాగుచేయడం కొత్తవాళ్ళ వల్ల కాదు.

చేయి అలవాటుకు ముందు రాగి తీగతో సాధన చేయండి. కరెంటు వైరులో తీగ పనికొస్తుంది. పై తొడుగును కత్తితో గీసి తీయాలి, కాల్చి తీయకూడదు. పీవీసీ కాలితే ఆమ్లపు పొగ వస్తుంది. ఇత్తడి తీగ, జింకు పూత వేసిన ఇనుప తీగ సాధనకు వద్దు. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది.

మొదటి ఉంగరం

లోపలి కొలత 17 మి.మీ. ఉండే ఉంగరానికి 1.5 మి.మీ. మందం తీగ తీసుకుందాం. రెండూ కలిపితే 18.5, దాన్ని 3.14తో గుణిస్తే 58 మి.మీ. తీగ కావాలి. బరువు గ్రాముకు కాస్త పైన. రెండు కొసలనూ ఆకురాయితో చదును చేసి, ఎదురెదురుగా ఆనించి, వెలుతురుకు పట్టి చూడండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే టంకం వేయొద్దు. టంకం సందును పూడ్చదు, ఆనిన అంచుల మధ్యకు పాకుతుంది, అంతే. సందు పూడటం లేదని మంట పెంచడంతోనే సగం ఉంగరాలు కరిగిపోతాయి.

వెలిగారాన్ని (బోరాక్స్, టంకం చక్కగా పారడానికి రాసేది) నున్నటి రాతి మీద నీళ్ళతో అరగదీసి, మీగడలా అయ్యాక అతుకుకు రాయండి. ఒక మి.మీ. ముక్కలుగా కత్తిరించిన టంకం రెండు చాలు. మొదట మంటను దూరం నుంచి తిప్పుతూ వెలిగారంలో తడి ఆరనివ్వాలి. తొందరపడి మంటను దగ్గరికి తెస్తే వెలిగారం పొంగి, టంకం ముక్కలను ఎగరగొడుతుంది. కాగిన ముక్క ఒడిలోనో, చెప్పులోనో పడుతుంది. తడి ఆరాక ఉంగరం మొత్తాన్నీ కాచాలి, టంకాన్ని కాదు. వెండి వేడిని ఇట్టే లాగేసుకుంటుంది కాబట్టి ఉంగరం వెనక వైపు నుంచి మొదలుపెట్టి అతుకు దగ్గర ముగించండి. వేడి ఉన్న వైపుకే టంకం పరుగెడుతుంది. ఒక కొస మాత్రమే కాగితే టంకమంతా దాని మీదే ముద్దగట్టి, రెండో కొసకు అంటదు.

ఈజీ టంకం సుమారు 720 డిగ్రీల దగ్గర, హార్డ్ రకం 780 దగ్గర పారుతాయి. చేసిన కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. 925 వెండి 800 దాటగానే కరగడం మొదలుపెడుతుంది. అంటే హార్డ్‌తో చేసేవాడికి మిగిలేది పాతిక డిగ్రీల చోటే. ఒకే అతుకు ఉన్న మొదటి పనులకు ఈజీ రకమే తీసుకోండి. పాత పనివాళ్ళ మాట వినో, పేరు చూసో హార్డ్‌తో మొదలుపెట్టొద్దు. టంకం వెండి గీతలా తళుక్కుమనగానే మంట తీసేయాలి.

ఎరుపు ఆరిన క్షణంలో కూడా వెండి 500 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. చేత్తో తాకేముందు పటకారుతో నీళ్ళలో ముంచడం ఒక నియమంగా పెట్టుకోండి, చల్లగా ఉందని తెలిసినా సరే.

బోలు గుండ్లు

ఈ ఒక్క సంగతి మరిచిపోతే కళ్ళు పోతాయి. రెండు డిప్పలు కలిపి గుండు చేసేటప్పుడు, ఎక్కడో ఒకచోట కనీసం అర మి.మీ. బెజ్జం ఉండి తీరాలి. అన్ని వైపులా మూసుకుపోయిన గుండును కాస్తే లోపలి గాలి ఉబ్బి, గుండు బాంబులా పగులుతుంది. బెజ్జం ఉన్నా సరిపోదు. పులుసులో, అంటే టంకం తరవాత నలుపు పోగొట్టే పుల్లటి నీళ్ళలో, వేసి తీసిన గుండు లోపల నీరు నిలుస్తుంది, రెండో అతుకు కోసం కాచినప్పుడు అది ఆవిరై చిమ్ముతుంది. కడిగి, వేడి నీళ్ళలో మరిగించి, ఆరబెట్టి, ముందు చిన్న మంట మీద దూరంగా కాచి, ఆవిరి ఆగాకే దగ్గరికి తేవాలి. లక్క నింపిన పాత నగలను, ముత్యాలు, పగడాలు, పచ్చలు పొదిగినవాటిని మంట దగ్గరికే తేవొద్దు.

సన్నటి గుండ్లను వరుసగా నిలబెట్టడానికి గురివింద గింజ నూరి, ఆ గుజ్జుతో అంటించడం మన పాత పద్ధతి. గింజ పగలనంతవరకు ఏమీ కాదు. నూరిన గింజలో మాత్రం అబ్రిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆ పొడి ముక్కులోకి పోయినా, అంటిన చేత్తో అన్నం తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. తుమ్మజిగురు పలచగా కలిపితే ఆ పని చక్కగానే జరుగుతుంది.

పులుసు

టంకం తరవాత వెండి నల్లబడుతుంది, వెలిగారం గాజులా గడ్డకడుతుంది. ఆ రెండూ పోవడానికి గంధకామ్లం అక్కర్లేదు. పావు లీటరు నీళ్ళలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు వేసి, గాజు గిన్నెలో వేడిగా, మరగకుండా ఉంచితే పావుగంటలో శుభ్రమవుతుంది. చింతపండు పులుసూ పనిచేస్తుంది, కాస్త ఆలస్యం. కాలిన ముక్కను నేరుగా పులుసులో వేయొద్దు, ముందు నీళ్ళు, తరవాతే పులుసు. ఇనుప పటకారుతో తీయొద్దు. వాడిన పులుసులో కరిగిన రాగి ఉంటుంది, ఇనుము తగలగానే అది వెండికి ఎర్రగా పూత పడుతుంది. వెదురు పుల్లో, రాగి పటకారో చాలు. నీలంగా మారిన పులుసులో వంట సోడా కొంచెం కొంచెంగా వేసి, పొంగు ఆగాక పారబోయండి. మొక్కలకు పోయొద్దు. ఈ గిన్నె మళ్ళీ వంటింటికి పోకూడదు.

ఎవరైనా ఘాటైన ఆమ్లమే వాడమంటే, నీళ్ళలో ఆమ్లం పోయాలిగానీ ఆమ్లంలో నీళ్ళు పోయకూడదని గుర్తుపెట్టుకోండి. నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో దాన్ని నిలవ చేయకండి. మెరుపు కోసం సైనైడ్ ఇస్తామనేవాళ్ళకు దండం పెట్టి వచ్చేయండి.

మెరుగు

మోటారు మొదటి ఆరునెలలు వద్దు. కుంకుడు రసం, మెత్తటి ఇత్తడి బ్రష్షు, నున్నటి ఉక్కు కడ్డీతో రుద్దడం, ఇవి చాలు. నిమిషానికి 2800 చుట్లు తిరిగే మోటారు మీద ఆరంగుళాల బఫ్ (మెరుగు పెట్టే గుడ్డ చక్రం) అంచు గంటకు 80 కి.మీ. వేగంతో పోతుంది. గొలుసు చిక్కిందంటే వేలితో సహా లాక్కుంటుంది. చేతి తొడుగులు వేసుకుంటే ఇంకా ప్రమాదం, తొడుగు ముందు చిక్కుతుంది.

కాలితే, పొగ పీలిస్తే

కాలిన చోట 20 నిమిషాలు పారే నీళ్ళు పోయాలి. మన ఊళ్ళలో ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కొళాయిలో సలసల కాగుతూ వస్తాయి. అందుకే పని మొదలుపెట్టే ముందే రెండు బకెట్ల నీళ్ళు నీడలో పెట్టుకుని, చెంబు పక్కన ఉంచుకోండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏదీ పెట్టొద్దు. కంట్లో ఏది పడినా 20 నిమిషాలు కడిగి, ఆస్పత్రికి వెళ్ళాలి.

పొగ సంగతి వేరు. పీల్చినప్పుడు ఏమీ తెలియదు. నాలుగు గంటల నుంచి పది గంటల తరవాత చలి, ఒళ్ళునొప్పులు, గొంతుమంట, ఛాతీ బిగుతు మొదలవుతాయి. ఎండదెబ్బో, జలుబో అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. కాడ్మియం అయితే ఆ తరవాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. టంకం వేసిన రోజు రాత్రి ఈ లక్షణాలు కనిపిస్తే 108కు ఫోన్ చేయండి, లేదా తిరుపతిలో రుయాకో స్విమ్స్‌కో, చిత్తూరులో జిల్లా ఆస్పత్రికో వెళ్ళండి. పొద్దున లోహం కాచి పొగ పీల్చామని డాక్టరుకు మీరే చెప్పాలి, ఆయన అడుగుతారని చూడొద్దు. వాడిన టంకం పొట్లం కూడా వెంట తీసుకెళ్ళండి.