ఎఫ్ ప్రొటీన్ రూపం చెడకుండా టీకా యాంటిజెన్ తయారుచేయడం

ఊపిరితిత్తులకు సోకే వైరస్ ఆర్‌ఎస్‌వీ ఉపరితలం మీది ఎఫ్ ప్రొటీన్ ఎక్కుపెట్టిన బాణం లాంటిది. కణపొరను వైరస్ పొరతో కలిపేటప్పుడు ఒక్కసారి వదిలితే మళ్లీ వెనక్కి రాదు. చిక్కేమిటంటే, ల్యాబ్‌లో శుద్ధి చేస్తుంటే కూడా తనంతట తానే రూపం మార్చేసుకుంటుంది. వైరస్‌ను గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది ఫ్యూజన్‌కు (పొరలు కలవడానికి) ముందు రూపాన్నే, అందులోనూ దాని కొసనున్న సైట్ జీరోను. కాబట్టి ఆ రూపం నిలిచిందా అన్నది మొదటి ప్రశ్న, ఎన్ని మిల్లీగ్రాములు వచ్చాయన్నది రెండో ప్రశ్న.

ముందు ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్ పీడీబీ నుంచి రెండు నిర్మాణాలు దించుకోండి: డీ25 యాంటీబాడీతో ఉన్న ముందు రూపం 4జేహెచ్‌డబ్ల్యూ, తర్వాతి రూపం 3ఆర్‌ఆర్‌ఆర్. ఒకదానిమీద ఒకటి పేర్చి, బాగా కదిలే భాగాలేవో, కదలనివేవో గుర్తుపెట్టండి. కదిలేదాన్ని కదలనిదానికి కట్టేయడమే పని. ముందు రూపంలో బీటా కార్బన్లు సుమారు 4 ఆంగ్‌స్ట్రాముల దూరంలో ఉండి, తర్వాతి రూపంలో దూరమైపోయే జంటను వెతికి, రెండుచోట్లా సిస్టీన్ పెట్టండి. ఇలా స్థిరపరచిన ఎఫ్ డిజైన్ డీఎస్-కావ్1లో 155, 290 స్థానాల్లోని సెరీన్లు అలాంటి జంటే. లోపలి ఖాళీలను పెద్ద అమైనో ఆమ్లాలతో పూడ్చండి: అదే డిజైన్‌లో 190 దగ్గర ఫినైల్అలనిన్, 207 దగ్గర ల్యూసిన్ ఉన్నాయి. మార్పులను విడివిడిగా పరీక్షించాకే కలపండి. రెండు మంచి మార్పులు కలిస్తే మూడోది మంచిదవుతుందన్న భరోసా లేదు. సైట్ జీరో పైతలాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

513వ అమైనో ఆమ్లం తర్వాతి భాగం తీసేసి, ఎఫ్‌లోని మూడు గొలుసులూ విడిపోకుండా (ఈ మూడింటి జట్టే ట్రైమర్) వాటిని కలిపి ఉంచే టీ4 ఫోల్డాన్ ముక్కను, ఆ వెనుక శుద్ధికి పట్టుగా ఉండే హిస్టిడిన్, స్ట్రెప్ ట్యాగులను తగిలించండి. ప్రొటీన్ తయారుచేసే ఎక్స్‌పీ293ఎఫ్ మానవ కణాలు మిల్లీలీటరుకు 30 లక్షలకు చేరాక, ఈ జన్యువున్న డీఎన్ఏ వలయాన్ని (ప్లాస్మిడ్) లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఇవ్వండి. 37 డిగ్రీలు, 8 శాతం కార్బన్ డయాక్సైడ్. నాలుగైదు రోజులకు కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దించి పైద్రవం తీసుకోండి.

పైద్రవంలోని ప్రొటీన్‌ను హిస్టిడిన్ ట్యాగును పట్టే నికెల్ రెజిన్‌తో, స్ట్రెప్ ట్యాగును పట్టే కాలమ్‌తో శుద్ధి చేయండి. నికెల్ రెజిన్ నీలిరంగు పోయి తెల్లబడితే ఈడీటీఏ లాంటిదేదో నికెల్‌ను లాగేసిందని అర్థం. బఫర్ మార్చి, రెజిన్‌కు మళ్లీ నికెల్ ఎక్కించండి. స్ట్రెప్ కాలమ్‌లో ప్రొటీన్ నిలవకపోతే మీడియంలోని బయోటిన్‌ను అనుమానించండి. ముందే అవిడిన్ కలిపితే ఆ బెడద ఉండదు. తర్వాత పరిమాణాన్ని బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్. 24 మిల్లీలీటర్ల సూపరోజ్ 6 కాలమ్‌లో 8 మిల్లీలీటర్ల దగ్గర వచ్చే శిఖరం ముద్దకట్టిన ప్రొటీన్. దాన్ని పారేయండి, ట్రైమర్‌తో కలపకండి.

అసలు పరీక్ష ఇక్కడుంది. ఒకే నమూనాను డీ25తోనూ, మోటావిజుమాబ్ అనే మరో యాంటీబాడీతోనూ కొలవండి. మొదటిది ముందు రూపాన్నే పడుతుంది, రెండోది రెండింటినీ. మోటావిజుమాబ్ సిగ్నల్ బాగుండి డీ25 పడిపోతే బాణం వదిలేసినట్టే. జెల్ మీద మాత్రం రెండూ ఒకేలా శుభ్రంగా కనిపిస్తాయి, మోసపోవద్దు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద నెగటివ్ స్టెయిన్‌లో తేడా కంటికే తెలుస్తుంది: ముందు రూపం పొట్టిగా, గుండ్రంగా, తర్వాతిది తల వెడల్పైన పొడుగాటి మేకులా.

ఆపైన నమూనాను 50, 70 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, మరికొంత భాగాన్ని పదిసార్లు గడ్డకట్టించి కరిగించి, డీ25తో మళ్లీ కొలవండి. వేడికి తట్టుకున్నది చలికీ తట్టుకుంటుందనుకోవద్దు. కరోనా స్పైక్‌లో రెండు ప్రోలీన్లు పెట్టిన రూపం 4 డిగ్రీల దగ్గరే దెబ్బతింది. 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే కోలుకుంది. అందుకే నిల్వ ఉష్ణోగ్రతను కూడా పరీక్షల పట్టికలో చేర్చండి.