హెల్మెట్ కొనేటప్పుడు, పెట్టుకునేటప్పుడు, మార్చేటప్పుడు

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవారితో పాటు వెనక కూర్చున్నవారూ, నాలుగేళ్లు దాటిన పిల్లలూ హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు. హెల్మెట్ అంటే ఏమిటో కూడా ఆ సెక్షనే చెబుతుంది: పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పోలీసులు కనపడగానే నెత్తిన బోర్లించుకునేది ఆ లెక్కలోకి రాదు. బండి జారినప్పుడు ముందు ఎగిరిపోయేదీ అదే.

2019 సవరణతో చేరిన 194డి సెక్షన్‌లో వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల లైసెన్సు అనర్హత ఉన్నాయి. మీకు వచ్చే ఈ-చలానా మొత్తం మాత్రం రాష్ట్రం ఖరారు చేసిన కాంపౌండింగ్ ఫీజును (కోర్టుకు వెళ్లకుండా కేసు ముగించుకోవడానికి కట్టే సొమ్మును) బట్టి ఉంటుంది. వెనక కూర్చున్నవారి తల ఖాళీగా ఉన్నా చలానా బండి నంబరు మీదే పడుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది, వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే. కాబట్టి ఇంటికి రెండు హెల్మెట్లు కనీసం.

కొనేముందు టేపుతో తల కొలవండి. కనుబొమలకు ఒక అంగుళం పైనుంచి, చెవుల మీదుగా, తల వెనక ఎక్కువ ఉబ్బెత్తుగా ఉన్నచోటు చుట్టూ తిప్పాలి. 58 సెంటీమీటర్లు వస్తే 580 అని రాసినది చూడండి. ఎం, ఎల్ అక్షరాలను నమ్మొద్దు, ఒక కంపెనీ ఎల్ మరో కంపెనీలో ఎం అవుతుంది. జడ, కొప్పు, క్లిప్పు ఉన్నవాళ్లు రోజూ వేసుకునే తీరులోనే వెళ్లి చూసుకోవాలి. నడినెత్తిన కొప్పు, గట్టి క్లిప్పు ఉంటే ఏ సైజూ సరిగా కూర్చోదు. జడ కిందికి, మెడ దగ్గరికి ఉండాలి. హెల్మెట్ కింద చున్నీ కట్టే అలవాటుంటే చున్నీతోనే సరిచూసుకోండి.

పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం నొక్కుకుపోవాలి. హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం కూడా దాంతో కదలాలి. పట్టీ బిగించి, వెనక కింది అంచు పట్టుకుని పైకి, ముందుకు తోయండి. ఊడి వస్తే ఆ సైజు వద్దు. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లకు మించి దూరకూడదు. షాపులోనే పది నిమిషాలు ఉంచుకోండి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే ఆ ఆకారం మీ తలకు కుదరదు. కొత్తలో కాస్త బిగుతుగా ఉన్నా పర్వాలేదు, లోపలి స్పాంజి వాడుతుంటే నలుగుతుంది. కొత్తలోనే వదులుగా ఉన్నది ఇంకా వదులవుతుంది.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని బైక్ హెల్మెట్ తయారీ, అమ్మకం నేరం. స్టిక్కర్ చూసి సరిపెట్టుకోవద్దు, స్టిక్కర్లు ఎవరైనా అచ్చేస్తారు. గుర్తు పైన బైక్ హెల్మెట్ల ప్రమాణం సంఖ్య ఐఎస్ 4151, కింద సీఎం/ఎల్ లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చే కంపెనీ పేరు డబ్బా మీద పేరుతో సరిపోతుందో చూడండి. కట్టడం పనిలో వాడే పసుపు టోపీ ఈ పనికి రాదు. కొత్త బండి కొంటే తయారీదారు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 చెబుతోంది. షోరూంలో అడగండి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలతో వెళ్తే వారికి హెల్మెట్, సేఫ్టీ హార్నెస్ (బిడ్డను నడిపేవారికి కట్టి ఉంచే పట్టీలు) ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

ఖర్చు విషయంలో చాలామంది పొరబడేది ఇన్సూరెన్స్ దగ్గర. బండి పాలసీతో వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. ఐసీయూ బిల్లుకు అందులో పైసా రాదు. హెల్మెట్ లేదంటే ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌లో తప్పు మీదీ ఉందన్న వాదన ఎదుటి బండి బీమా కంపెనీ చేతికి ఇచ్చినట్టే. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను మదింపు చేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో హెల్మెట్ మరణ ప్రమాదాన్ని దాదాపు 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందని తేలింది.

దెబ్బను మింగేది పైపెంకు కాదు, లోపలి థర్మాకోల్. అది ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు. ప్రమాదంలో తల తగిలితే పైన గీత లేకపోయినా మార్చేయాలి. బండి అద్దానికి తగిలించే అలవాటు మానండి, అద్దం కొన థర్మాకోల్‌లో గుంట చేస్తుంది. పెట్రోలు, థిన్నర్‌తో తుడిస్తే పెంకు పెళుసవుతుంది, సబ్బునీళ్లు చాలు. వైజర్ (హెల్మెట్ ముందుండే పారదర్శక తెర) మీద పొడి దుమ్ము తుడవకుండా నీళ్లతో కడగండి. నల్ల వైజర్‌తో రాత్రి నడపొద్దు. చెమటకు లోపల పలచని నూలు టోపీ వేసుకోవచ్చు. క్లిక్‌మనే బకిల్ లాగితే ఊడుతోందంటే ఇక వాడొద్దు. దెబ్బ తగలకపోయినా ఐదేళ్లకు కొత్తది కొనండి. పాతది పారేసేముందు పట్టీ కత్తిరించండి, లేకపోతే ఎవరో ఏరుకుని పెట్టుకుంటారు.