జీడిపప్పుతో కొత్త సరుకు తయారీ: అంతరిక్ష కార్యక్రమాల పద్ధతిలో

పలాస, కాశీబుగ్గ ప్రాంతంలోని చాలా జీడిపప్పు పరిశ్రమలు పప్పును గ్రేడులుగా వేరుచేసి డబ్బాలకెత్తి పంపుతాయి. మిరియాల పప్పో, మసాలా పప్పో సొంత పేరుతో అమ్మదలచిన యజమానికి అంతరిక్ష రంగం నుంచి వచ్చిన పని విధానం ఎంతో మేలు చేస్తుంది.

అమెరికాలో వ్యోమగాములకు ఆహారం తయారుచేసిన పిల్స్‌బరీ సంస్థకు ఒక చిక్కు ఎదురైంది. తయారైన సరుకును పరీక్షించి భద్రతకు పూచీ పడాలంటే, ఆ సరుకులో చాలా భాగం పరీక్షలకే ఖర్చయిపోతుంది. అందుకే నాసాతో కలిసి ఆ సంస్థ తనిఖీని తయారీ దశల్లోకే తెచ్చింది. నేడు ఆహార పరిశ్రమలన్నిటికీ తెలిసిన హెచ్‌ఏసీసీపీ, అంటే ప్రమాదాలను ముందే గుర్తించి కీలక దశల్లోనే అదుపు చేసే పద్ధతి, అలా పుట్టిందే.

మీరూ మొదట పిక్కలు బస్తా నుంచి దిగినది మొదలు ప్యాకెట్టు మూసేవరకు జరిగే పనులను, అంటే ఉడికించడం, పెంకు తీయడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, వేయించడం, మసాలా పట్టించడం అన్నిటినీ వరుసగా రాయండి. ప్రతి దశలోనూ సరుకును ఏది చెడగొట్టగలదో పక్కనే రాయండి. పెంకులోని జిడ్డు పప్పుకు అంటవచ్చు, తేమ మిగిలితే బూజు పట్టవచ్చు, నూనె కనరెక్కవచ్చు. ప్రమాదం తప్పించడానికి వీలున్న ఆఖరి దశ ఏదో గుర్తించి, అక్కడ కొలవగలిగే హద్దు పెట్టండి. పప్పులో తేమ 5 శాతం మించరాదన్నది అలాంటి హద్దు. ఎవరు కొలవాలో, హద్దు దాటితే ఆ సరుకును ఏం చేయాలో కూడా రాయకపోతే అది వట్టి కాగితమే.

రెండవది ఖర్చును దశలకు కట్టడం. నాసా ఏ సాంకేతికత పరిణతినైనా 1 నుంచి 9 వరకు మెట్లుగా కొలుస్తుంది. తొమ్మిదవ మెట్టు నిజమైన ప్రయోగంలో నెగ్గినదానికే. మీకు నాలుగు మెట్లు చాలు: వంటింట్లో గుప్పెడు, మీ సొంత యంత్రం మీద మీ పనివారితోనే కొన్ని కిలోలు, వానాకాలమంతా అరలో నిలవ, ఆ తర్వాత కొద్ది దుకాణాలు. రంగుల సంచులు ముందే అచ్చు వేయించడం తొందరపాటని నా దృఢమైన అభిప్రాయం.

మూడవది, తేడాలు వచ్చినా తట్టుకునే వెసులుబాటు ఉంచుకోవడం. దీనికి చంద్రయాన్ ఉదాహరణ. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడిపై కూలిన తర్వాత, ఏమేమి విఫలం కాగలవో ముందుగా ఎంచి ఇస్రో చంద్రయాన్-3ను రూపొందించింది. కాళ్లను బలపరిచింది, ఇంధనం పెంచింది, దిగే చోటును అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు నుంచి సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించింది. 2023 ఆగస్టు 23న ల్యాండర్ క్షేమంగా దిగింది. మీ తయారీకీ ఆ వెసులుబాటు కావాలి. నూనె వేడి కాస్త మారగానే మాడిపోయే వంటకాన్ని పక్కన పెట్టి, కొంత తేడాను తట్టుకునేదాన్ని ఎంచుకోండి. తేడాను ముందుగా కనిపెట్టేది పొట్టు తీసే, గ్రేడింగు చేసే మహిళలే కనుక, చెడిన సరుకు గురించి చెప్పినవారి కూలిలో కోత ఉండదని మొదటి రోజే అందరి ముందూ ప్రకటించండి.