పిడుగుల వానలకు ముందు మీ ఆఫీసు ఆస్టరిస్క్ సర్వర్‌ని ఒకసారి చూసుకోండి

ఆస్టరిస్క్ అంటే మామూలు కంప్యూటర్‌నే ఆఫీసు ఫోన్ల ఎక్స్చేంజిగా మార్చే సాఫ్ట్‌వేర్. ఒక వేసవిలో అది వాడే ఓ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, అదీ మొబైల్ నుంచి. వెళ్లి చూస్తే సర్వర్ బాగానే ఆన్ అయింది, ఎక్స్‌టెన్షన్లు (ఆఫీసు లోపలి ఫోన్లు) మోగుతున్నాయి, బయటి లైన్లు మాత్రం నాలుగూ పోయాయి. బయటి లైన్లు తగిలించే కార్డుని సర్వర్‌లోంచి బయటికి తీస్తే, దాని మీది మాడ్యూళ్ల (లైన్లకు ఉండే చిన్న బోర్డుల) దగ్గర నల్లటి మాడు. ముందురోజు సాయంత్రం అక్కడ ఉరుముల వాన పడిందట. "యూపీఎస్ పెట్టించాం కదండీ!" అన్నారు మేనేజర్ గారు. యూపీఎస్ చూసుకునేది కరెంటు వైపే. స్తంభం మీద నుంచి వచ్చే రాగి పెయిర్ (ఫోన్ లైను తీగల జత) ఆ యూపీఎస్‌ని తాకకుండానే నేరుగా కార్డులోకి వెళ్తుంది.

అందుకే ఏప్రిల్, మే నెలల్లో మొదట చూడాల్సింది వైరింగ్. బయటి పెయిర్లు బిల్డింగ్‌లోకి వచ్చే చోట క్రోన్ మాడ్యూల్ (ఆ తీగలను కలిపే పట్టీ) ఉంటుంది. దానికి సర్జ్ అరెస్టర్లు (ఒక్కసారిగా వచ్చే ఎక్కువ వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేవి) పెట్టించండి. ఎర్త్ వైరు లేని అరెస్టర్ అలంకారమే. చాలాచోట్ల ఆ వైరు గాల్లో వేలాడుతూ కనిపిస్తుంది! దాన్ని వీలైనంత పొట్టిగా, కరెంటుకి ఉన్న ఎర్తింగ్‌తోనే కలపాలి. ఫోన్లకు వేరే గొయ్యి తవ్వి విడిగా వదిలేస్తే పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వస్తుంది, ఆ తేడా దాటేది మీ సర్వర్ మీదుగానే. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

నన్నడిగితే, రాగి లైన్లు ఇంకా ఉన్నవాళ్లు సర్వర్‌లో కార్డు పెట్టడమే మానేయాలి. బయట చిన్న గేట్‌వే (ఫోన్ లైన్లను నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) పెట్టి, దానికీ సర్వర్‌కీ మధ్య మీడియా కన్వర్టర్లతో (నెట్‌వర్క్ కేబుల్‌ని ఫైబర్‌కి మార్చే పెట్టెలతో) కరెంటు పారని ఫైబర్ కొంచెం వేస్తే, పోయినా గేట్‌వే పోతుంది కానీ సర్వర్ దక్కుతుంది.

వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఎక్స్చేంజి లైను ఎఫ్ఎక్స్ఓ పోర్టుకి, ఫోన్ సెట్టు ఎఫ్ఎక్స్ఎస్ పోర్టుకి వెళ్లాలి. ఎఫ్ఎక్స్ఎస్ తనే వోల్టేజీ ఇస్తుంది. దానికి ఎక్స్చేంజి లైను తగిలిస్తే మాడ్యూల్ కాలిపోవచ్చు. సాకెట్లు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఊడదీసేముందే లేబుల్ అంటించి, ఫోటో తీసుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఇది రాగి లైన్ల సంగతి కాదు, నెట్ మీద ప్రొవైడర్ ఇచ్చే ఫోన్ లైను (ట్రంకు) సంగతి. దాన్ని ఆస్టరిస్క్‌లో నడిపే భాగం పీజేసిప్. దాని కాన్ఫిగరేషన్ మీరే రాసుకుంటే, రిజిస్ట్రేషన్ సెక్షన్‌లో మ్యాక్స్ రీట్రైస్ (ప్రొవైడర్‌తో కనెక్ట్ కావడానికి ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలి) విలువ ఇవ్వకపోతే 10, రెండు ప్రయత్నాల మధ్య గ్యాప్ 60 సెకన్లు. అంటే గాలివానకి నెట్ ఓ పదినిమిషాలకు మించి పోతే ట్రంకు ఇక ప్రయత్నించడం మానేస్తుంది. నెట్ వచ్చాక కూడా లైను చచ్చే ఉంటుంది, అందరూ సర్వీస్ ప్రొవైడర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు. ఆ మ్యాక్స్ రీట్రైస్ అంకెను 10000 చేసేయండి.

బ్యాకప్ అంటే సర్వర్‌లో సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ (/etc) లోని ఆస్టరిస్క్ ఫోల్డర్ కాపీ చేయడమే అనుకుంటారు. ఫ్రీపీబీఎక్స్ (ఆస్టరిస్క్‌ని బ్రౌజర్‌లోంచి నడిపే ప్రోగ్రామ్) వాడేవాళ్లకు అది చాలదు, సెట్టింగులు డేటాబేస్‌లో ఉంటాయి. దాని బ్యాకప్ మాడ్యూల్‌తో తీసి, ఫైలుని వేరే మెషీన్‌లో పెట్టండి. తర్వాత ఒక ఆదివారం అందరికీ ముందే చెప్పి, సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, మెయిన్ ఆపేయండి. పది నిమిషాలాగి మళ్లీ వేసి, ఏమీ ముట్టుకోకుండా బయటికి ఒక కాల్, లోపలికి ఒక కాల్ చేసి చూడండి.