కట్టు విప్పాక మొదలైన భయం: ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి

మా తమ్ముడు కల్లు గీసేవాడు. చెట్టెక్కే మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. కాలు గురించి అందరూ చెప్పారు, మనసు గురించి ఒక్కరూ అడగలేదు. నేను నర్సంపేట దగ్గర అంగన్‌వాడీ టీచర్‌ని, డాక్టర్‌ని కాదు. మాకు ఆలస్యంగా తెలిసినవి రాస్తున్నా.

ఆస్పత్రిలో చేర్చిన రోజే తాగుడు అలవాటు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. మేం సిగ్గుపడి "ఎప్పుడో ఒకసారి" అన్నాం. మూడో రోజు వాడికి చేతులు వణికాయి, సెలైన్ పైపు పీకేశాడు, గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నాడు. గాలి సోకిందని మా అత్తమ్మ నిమ్మకాయలు తెచ్చింది. చూస్తే, రోజూ తాగే కల్లు ఒక్కసారిగా ఆగిపోవడమే కారణం. వాడు గీసేది చెట్టు కల్లు, తాగేది దుకాణం కల్లు! కొన్ని చోట్ల అందులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అవి హఠాత్తుగా మానితే ఫిట్స్ కూడా వస్తాయి. ముందే చెబితే డాక్టర్లు దానికి మందు ఇస్తారు. తలకు దెబ్బ తగిలినా మనిషి ఇలాగే తికమకపడతాడు, అందుకే వెంటనే నర్సును పిలవాలి. పాత మానసిక సమస్యకు మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా చూపించండి. లిథియం అనే మానసిక మందు వాడేవాళ్లకు కొన్ని నొప్పి మాత్రలు ప్రమాదం.

ఇంటికొచ్చాక వాడు మోకాలు వంచే ఎక్సర్‌సైజులు చేయలేదు. బద్ధకం అనుకుని నేనే తిట్టాను. రాత్రి పడుతున్నట్టు కల, ఉలిక్కిపడి లేవడం, మళ్లీ నిద్ర పట్టకపోవడం. నిద్ర లేకపోతే నొప్పి ఎక్కువ, నొప్పి ఎక్కువైతే కదలడు, కదలకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. బీడీలు పెరిగాయి, వాటివల్ల ఎముక అతకడమూ ఆలస్యమవుతుంది.

అప్పుడు పిల్లల నోట్‌బుక్ ఒకటి తీసుకుని రోజూ మూడు సంగతులు రాశాను: నొప్పి పదికి ఎంత, ఎన్ని గంటలు నిద్రపోయాడు, కాలు ఎన్నిసార్లు వంచాడు. "ఎందుకు చేయట్లేదు" అనడం మానేసి "నొప్పా, భయమా" అని అడిగాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "ఎముక మళ్లీ విరుగుతదనిపిస్తది అక్కా" అన్నాడు. ఆ మాట ఎముకల డాక్టరుకు చెబితే ఆయన ఎక్స్‌రే చూపించి ఎంత బరువు వేయొచ్చో వాడికే వివరించాడు. నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకుంటే ఎక్సర్‌సైజు సులువో కూడా అడిగి రాసుకున్నాం.

మొదటి వారాల్లో భయం, పీడకలలు చాలామందికి వచ్చి తగ్గిపోతాయి. నెల దాటినా ఉంటే, లేదా రెండు వారాలు వరసగా దిగులుగా ఉండి దేని మీదా ఇష్టం లేకపోతే మానసిక డాక్టరును కలవండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాస్పత్రిలో ఆ విభాగం ఉంది. అంత దూరం పోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్, పైసలు అక్కర్లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, పది రోజులకే మానేయొద్దు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటుంటే మానసిక డాక్టరుకు చెప్పాలి.

"నేనుండి ఏం లాభం" అంటే తమాషాగా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తుందా అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టదు. మాది పత్తి ఊరు. వాడు ఆ మాట అన్న రోజే నేను పురుగుమందు డబ్బాలన్నీ బాబాయి వాళ్లింటికి పంపేశాను. ఒంటరిగా వదల్లేదు.

చూడొచ్చేవాళ్లను గడప దగ్గరే ఆపి చెప్పండి, "ఇగ చెట్టెక్కలేవు బిడ్డా" అనే మాట లోపల అనొద్దని. మా పెద్దమ్మ అలిగింది, అలగనీ.

మోకును దాచెయ్యమన్నాడు మొదట్లో. మానసిక కౌన్సెలర్ చెప్పినట్టు కొన్నాళ్లకు దాన్ని మంచం పక్కన పెట్టాం, తర్వాత చేతికిచ్చాం, తర్వాత కర్ర సాయంతో చెట్టు దాకా నడిచాడు. వాడు వద్దన్న రోజు బలవంతం చేయలేదు. ఇప్పుడు కింద నిలబడి కల్లు లొట్టి అందుకుంటున్నాడు, ఎక్కేది మా బాబాయి కొడుకు. నోట్‌బుక్‌లో నిన్నటి నిద్ర ఆరు గంటలు.